విప్పితే ఊడే ముడి

తిప్పమ్మ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టినదాన్ని మెహరున్నీసా మొదట మసిగుడ్డ అనుకుంది. మడత విప్పాక చేతులు కనపడ్డాయి.

"ఇట్లాంటిదే ఇంకోటి కుట్టియ్యి బీ," అంది తిప్పమ్మ. "ఇది సినిగిపాయ. ఈపంతా జల్లెడ."

అది ముడి రవిక. హుక్కులుండవు. ముందు రెండు కొసలు పట్టి ముడి వేసుకుంటారు.

తిప్పమ్మ కూలిపని మనిషి. పొద్దున బస్సుకు హాలహర్వి నుంచి వచ్చింది. వయసు డెబ్బై అని ఆధార్ కార్డులో రాసుందని, ఆ సంగతి రాసినవాడికే తెలియాలని చెప్పింది. ఇక్కడికి రాకముందు ఆదోని బజారులో ముగ్గురు టైలర్లను చూసి వచ్చింది. ఒకతను ఆ రకం కుట్టడం రాదన్నాడు. ఒకతను నవ్వాడు. మూడో అతను మెడలోని టేపు తీసి ముందుకు వచ్చాడు.

"వానికి సెప్పినా. నన్ను కట్టుకున్నోడే ఏపొద్దూ కొలత ఎయ్యలేదు, ఎయ్యనీకి నువ్వెవరప్పా అని. పక్కనుండే టీ కొట్టాయప్ప సెప్పినాడు, మార్కెట్ యార్డు ఎనక కరీం సాబ్ కోడలు కుడతాది, ఆడికి పో అని. కరీం సాబ్ అంటే హొళగుంద సంతలో కుట్టే సాబేనా?"

"ఆయనే అవ్వా. మా మామ."

"ఇంకా ఉండాడా?"

"లోపల మంచం మీద ఉండాడు. నువ్వు అడిగింది ఇన్నాడంటే లేచి వస్తాడు."

తిప్పమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పాతది ఆనవాలుకు ఉంచుకోమని, వారం తర్వాత వస్తానని చెప్పి పోయింది.

మెహరున్నీసా పద్నాలుగేళ్ళుగా కుడుతోంది. మొదట ఒక లేడీస్ టైలర్ దగ్గర నేర్చుకుంది, తర్వాత ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకుంది. మూడేళ్ళుగా ఆమెకు పనంతా ఒకే చోటు నుంచి వస్తోంది. ఎమ్మిగనూరులో ఆదోని రోడ్డు మీద అనిల్ అనే అతనికి షోరూం ఉంది. చేనేత చీరలు, దుప్పట్లు, జాకెట్లు అమ్ముతాడు. ప్రతి సోమవారం బస్సులో ఒక సంచి వస్తుంది. అందులో గుడ్డలు, వాటికి గుచ్చిన చీటీలు ఉంటాయి. శుక్రవారానికి కుట్టి వెనక్కి పంపాలి. బస్టాండు నుంచి సంచి తెచ్చేదీ, మళ్ళీ ఎక్కించేదీ ఆమె భర్త రిజ్వాన్. అతను ఆటో నడుపుతాడు. ఆమె ఉండే సందులో ఆడవాళ్ళు రెడీమేడ్‌కు అలవాటు పడ్డారు. ఆ సంచి రాకపోతే మిషన్ ఆగుతుంది.

ఆ మధ్యాహ్నం ఆమె బ్లేడు తీసుకుని పాత రవికను కుట్టు కుట్టూ విప్పింది. ముక్కలు నేల మీద పరిచింది. ఏడు ముక్కలు. వీపు ఒకటి, ముందు రెండు, చేతులు రెండు, చంకల కింద వేసే చౌకం ముక్కలు రెండు. అన్నీ సూటి గీతలే. వంపు లేదు, డాటు లేదు, కాజా లేదు. ముందు ముక్కల కింది కొసలు ముడికని పొడుగ్గా వదిలారు.

ముక్కలను ఒకదానికొకటి ఆనించి పేర్చింది. కుదరలేదు. చెరిపి మళ్ళీ పేర్చింది. నాలుగోసారికి అవి ఒకే గుడ్డగా కూర్చున్నాయి. మెడ కోసం తీసిన గుడ్డనే రెండుగా కోసి చంకల కింద వేశారు. పారేసిన ముక్క ఒకటీ లేదు.

ఆమె కుట్టే ప్రతి జాకెట్టుకూ గుప్పెడు పీలికలు మిగిలేవి. వాటితో రిజ్వాన్ ఆటో అద్దాలు తుడుచుకునేవాడు.

ముక్కలు తీసుకుపోయి కరీం సాబ్ ఒళ్ళో పెట్టింది. ఆయనకు చూపు తగ్గి ఆరేళ్ళయింది. వేళ్ళతో అంచులు తడిమాడు.

"ఇది నా కుట్టు కాదు. ఈరప్ప కుట్టు. నేను చంక ముక్కకు రెండు మాట్లు కుట్టు ఏస్తా. ఈరప్పది ఒకటే. సోమరోడు."

"ఈ కటింగు ఎవరు పెట్టినారు అబ్బా?"

"ఎవరు పెట్టేది? గుడ్డే పెట్టింది. అప్పుడు ఆడోళ్ళకి గుడ్డ యాడిది? ఇంత ముక్క తెచ్చి, దీంట్లోనే కానీ సాబ్ అనేటోళ్ళు. కానిచ్చేటోళ్ళం."

"కొలతలు?"

"కొలతలు వాళ్ళయే. టేపు పట్టుకోని ఆడమనిషి కాడికి పోతే సంతలో చెప్పులు తెగుతాయి. ఆమే వచ్చి గుడ్డ మీద చెయ్యి పెట్టేది. జాన చాపేది. ఏలి చివర నేను సుద్దతో గీసేటోన్ని. ఈపుకు రెండు జానలు, నాలుగు వేళ్ళు. పొడుగు రెండు జానలు. చేతికి జానెడు, నాలుగు వేళ్ళు. సంత చేసుకోని పోయేటప్పుడు ఏసుకోనే పోయేది."

"లావుగా ఉంటే?"

"చెయ్యి తప్పితే ముడి దిద్దుతాది బేటీ. లావుంటే ముడి చిన్నగా పడతాది, బక్కగుంటే పెద్దగా పడతాది. కడుపుతో ఉన్నప్పుడూ అదే రైక, కన్నాకా అదే రైక."

మెహరున్నీసా వెంటనే కొత్త గుడ్డ తీసి, తన జానతో కొలిచి, కోసి కుట్టేసింది. పద్నాలుగేళ్ళ చెయ్యి కదా, గంట పట్టలేదు.

వారం తర్వాత తిప్పమ్మ వచ్చి, తెర వెనక్కి పోయి తొడుక్కుని, రెండు చేతులూ పక్కలకు చాపి బయటికి వచ్చింది. దించడానికి రావడం లేదు, ఎత్తడానికీ రావడం లేదు.

"ఏందిది బీ? దీన్ని ఏసుకోని గంప ఎత్తనీకి గాదు, దేవునికి దండం పెట్టనీకి గాదు. సేనులో దిష్టిబొమ్మ పెట్టుకోనీకి ఎవరన్నా తీసుకపోతారేమో."

లోపల మంచం కిర్రుమంది. "ఎవరి చెయ్యి పెట్టినావు?" అని కరీం సాబ్ అడిగాడు.

మెహరున్నీసా తన అరచెయ్యి చూసుకుంది. తిప్పమ్మ ఆమె అరచేతిని లాగి బల్ల మీద పెట్టి, దాని మీద తన అరచెయ్యి పెట్టింది. మెహరున్నీసా చెయ్యి కింద కనపడకుండా పోయింది.

"ఏడేండ్లప్పుడు పార పట్టిన సెయ్యి. సాగదా మరి?"

రెండో రవికకు తిప్పమ్మ తన చేత్తో కొలిచింది, మెహరున్నీసా గీసింది. తొడుక్కుని ముడి వేసుకుని తిప్పమ్మ వంగింది, లేచింది, రెండు చేతులూ నెత్తి మీదికి ఎత్తింది. "ఊ," అని బస్సుకు పోయింది.

ఆ తర్వాత మెహరున్నీసా చూపు మారింది. బస్టాండులో, దర్గా దగ్గర, పెళ్ళి భోజనాల్లో పెద్దవయసు ఆడవాళ్ళు కనపడితే వాళ్ళ ముఖాల కంటే ముందు భుజాలు చూసేది. పక్కన కూర్చుని, అడిగి, చేతి కుట్టు తిప్పి చూసేది. వక్కాకు సంచి నోటికి తాడు ఎలా ఎక్కించారో చూసి, అదే తీరులో ఫోన్ పెట్టుకునే సంచి కుట్టుకుంది. తాడు లాగితే నోరు మూసుకుంటుంది, జిప్పు పాడవుతుందన్న బాధ లేదు. ఎమ్మిగనూరు దుప్పటి ఒకటి మధ్యలో చిరిగితే, చిరగని గళ్ళ అంచు తీసి రవిక చేతులకు వచ్చేట్టు కోసి తనకొక ముడి రవిక కుట్టుకుంది. మిషన్ ముందు కూర్చునేటప్పుడు అదే వేసుకునేది. చంకల దగ్గర లాగేది కాదు. సాయంత్రానికి భుజం నొప్పి ఉండేది కాదు. పాతవాళ్ళకు తెలిసి తనకు తెలియకుండా పోయిన సంగతులు ఇంకా ఎన్ని ఉన్నాయో అనుకుంది. ఇంకొక రవిక కుట్టి మేకుకు తగిలించింది.

ఆ మేకు దగ్గరే అనిల్ ఆగాడు.

అతను బెంగుళూరులో బట్టల కంపెనీలో నాలుగేళ్ళు పనిచేసి వచ్చి, తండ్రి కొట్టును షోరూం చేసినవాడు. నెలకొకసారి కారులో వచ్చి పని చూసి పోతాడు. ఆ రోజు మేకు మీది రవికను దింపి, తిప్పి, ముందూ వెనకా ఫోటోలు తీసుకున్నాడు.

"అక్కా, ఇది వింటేజ్. దీని కోసమే ఎతుకుతాండాను. దీపావళికి అరవై కావల్ల. గుడ్డ నేను పంపిస్తా. ఇరవై చిన్న సైజు, ఇరవై మధ్యది, ఇరవై పెద్దది."

"దీనికి సైజులు లేవన్నా."

"పెడదాంలే. ఇంకోటి. ముడి ముడిగానే కనపడల్ల, గాని ఊడగూడదు. ముందర కుట్టేసెయ్యి. ఎనక హుక్కులు పెట్టు."

మెహరున్నీసా కత్తెర కింద పెట్టింది. "ఊడకపోతే అది ముడి ఎట్ల అవుతుందన్నా?"

"చూసేదానికి అక్కా."

"చూసేదానికయితే గోడకు తగిలించుకోవచ్చు."

అనిల్ నవ్వాడు. మంచివాడు. ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడలేదు. "వింటేజ్ అంటే ఏమనుకున్నావు? చూసేదానికి పాతది, ఏసుకునేదానికి కొత్తది. పల్లె ఆడోళ్ళు ఏసుకునేదాన్ని ఉన్నదున్నట్ల టౌన్ ఆడోళ్ళు ఏసుకుంటారా? ఆఫీసులో ముడి ఊడిపాయ అనుకో. నా షాపు పేరు చెప్తారు."

"తిప్పవ్వ యాభై ఏండ్లు పత్తి ఏరింది, శెనక్కాయ పీకింది. ఏపొద్దూ ఊడలేదు. ఆమె ఇప్పితేనే ఊడేది."

"ఆమెకు అలవాటు అక్కా."

"అలవాటు చేసుకుంటారు. హుక్కు అలవాటు చేసుకోలేదా?"

"ఎందుకక్కా అంత దూరం? నువ్వు కుట్టేసెయ్యి."

"అది నేను కుట్టను."

మూడేళ్ళలో ఆమె అతనికి వద్దని చెప్పడం అదే మొదలు. చెప్పాక తనకే కొంచెం వింతగా అనిపించింది గాని, మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు. అనిల్ రవికను మేకుకు తగిలించాడు. "ఆలోచించుకో," అన్నాడు. "ఫోటోలు ఉండాయి. ఎవురన్నా కుడతారు. నీకు ఇయ్యల్లని వచ్చినా."

తర్వాతి సోమవారం సంచి సగమే వచ్చింది.

రిజ్వాన్ సంచిని గుమ్మంలో పెట్టి దాని మీద కాలు వేసి నిలబడ్డాడు. "ముడి మీద నాలుగు కుట్లు ఏస్తే నీ చేతికి ఏమయితాది?"

"నా చేతికి ఏమీ కాదు."

"ఇంక ఏంటికి? వాని గుడ్డ, వాని ముడి. మనకేమి?"

మెహరున్నీసా మామ వైపు చూసింది. ముసలాయన తన పక్షం మాట్లాడతాడని అనుకుంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"కుట్టు బేటీ. నేను కుట్టలేదా? టీవీలు వచ్చినాక బుట్ట చేతులు అడిగినారు, కుట్టినా. ఈపు మీద కిటికీ పెట్టమన్నారు, అదీ పెట్టినా. అడిగింది కుట్టేటోడే దర్జీ."

"అడిగినోళ్ళు ఏసుకునేటోళ్ళు అబ్బా. ఈయన ఏసుకుంటాడా?"

రిజ్వాన్ సంచి మీది కాలు తీశాడు. శుక్రవారం వచ్చేసరికి, ఈసారి సంచిని నేను బస్సెక్కించను, నువ్వే ఎమ్మిగనూరు పోయి ఆయనకు ఇచ్చి మాట్లాడుకో అన్నాడు.

ఆ శుక్రవారమే తిప్పమ్మ ఇంకో రవిక కోసం వచ్చింది. ఎమ్మిగనూరు చూసి చాలా దినాలైందని, తనూ వస్తానని బస్సెక్కింది. దారి పొడుగునా కిటికీలోంచి ఎవరి చేనులో పత్తి ఎలా ఉందో తీర్పు చెప్పింది.

షోరూం ముందు అద్దం వెనక ఒక బొమ్మ ఉంది. దానికి ముడి రవిక తొడిగారు. కింద అట్ట మీద 'అజ్జి రవిక: అవ్వల కాలపు సొగసు' అని రాశారు. గుడ్డ మంచిది. కుట్టింది వేరెవరో అయినా కుట్టు కూడా మంచిదే. మెహరున్నీసా దూరం నుంచే ఒప్పుకుంది.

తిప్పమ్మ తలుపు తోసుకుని లోపలికి పోయి బొమ్మ ముందు నిలబడింది. "దీనికి తల్కాయ యాడ పాయ?"

"బొమ్మలు అట్లే ఉంటాయి అవ్వా," అంది కౌంటర్ దగ్గరున్న శోభ. షోరూంలో అమ్మకాలు చూసే అమ్మాయి.

"ఉండనీలే. ఉన్నా ఏం లాభము." తిప్పమ్మ బొమ్మ ముడి పట్టుకుని ఒక కొస లాగింది. రాలేదు. రెండో కొస లాగింది. గోరు పెట్టి గీకింది. బొమ్మ మొత్తం ముందుకు వంగింది.

"అవ్వా, ముట్టుకోవద్దు. అది ఊడదు."

"ఎవురమ్మా ఏసింది ఈ ముడి? యముడా?"

కొట్లో చీరలు చూస్తున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వనిది ఒకామె. ముప్పై లోపు వయసు, భుజాన నెలల బిడ్డ నిద్రపోతోంది. చేతిలో అదే రవిక ఉంది, మధ్య సైజుది. బిల్లు వేయించడానికి కౌంటర్ దాకా వచ్చింది. బడిలో టీచరు, సునీత మేడమ్ అని శోభ పిలుస్తోంది.

"ఇది ముందర ఊడదా?" అని సునీత అడిగింది.

"ఊడదు మేడమ్. భయం లేదు. ఎనక హుక్కులు ఉండాయి."

"నాకు ఊడల్ల గదా. పాపకు పాలెట్ల ఇచ్చేది?"

శోభ రవికను అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఆ సంగతి చీటీలో రాసి లేదు.

తిప్పమ్మ సునీత దగ్గరికి జరిగి, కొంగు పక్కకు తీసి తన ముడి చూపించింది. "ఇదో, ఇట్ల. ఒక కొస లాగితే సాలు. బిడ్డ తాగినంక ఒక సేత్తోనే ఏసుకోవచ్చు. ఆరుమందికి ఇచ్చినా. సేనుగట్టు మీద కూసోని, ఒక సేత్తో బిడ్డ, ఒక సేత్తో సంగటి."

"ఇట్లాంటిదే నాకు కావల్ల," అంది సునీత.

అనిల్ లోపలి గదిలోంచి వచ్చాడు. ఏం జరిగిందో శోభ ముఖం చూసి తెలుసుకున్నాడు. "మేడమ్, అది ఇదే. కొంచెం మార్చినాము, అంతే."

"ఆ కొంచెమే నాకు కావల్సింది సార్." సునీత రవికను కౌంటర్ మీద పెట్టి, తిప్పమ్మను అడిగింది. "నీకు ఎవరు కుట్టినారు అవ్వా?"

తిప్పమ్మ మెహరున్నీసా వైపు గడ్డం చూపించింది. మెహరున్నీసా సంచి పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆదోని, మార్కెట్ యార్డు వెనక సందు అని చెప్పింది. మీరే రావాలి, మీ చెయ్యి కావాలి అని కూడా చెప్పింది. సునీత ఫోన్ నంబరు రాసుకుని బిడ్డ లేవకముందే పోయింది.

అనిల్ సంచి అందుకున్నాడు. గొంతు అప్పుడూ పెంచలేదు. "నా షాపులో నిలబడుకోని నా గిరాకీని తీసుకపోతావా అక్కా?"

"నేను పిలవలేదన్నా. ఆమె నిన్నే అడిగింది, పాలెట్ల ఇచ్చేదని. నువ్వు జవాబు చెప్పింటే నీ గిరాకీ నీ కాడే ఉండేది."

"సోమవారం నుంచి సంచి రాదు."

"సరే."

"ఒక ముడి కోసమా?"

"ఊడేది ఒకటి, ఊడంది ఒకటి. రెండూ ఒకటే అయితే ఊడేదే పెట్టమని నువ్వే సంచి పంపించు."

బస్సులో తిప్పమ్మ కొంగు కొసను ముడి వేస్తూ, విప్పుతూ కూర్చుంది. ఆదోని దగ్గర పడ్డాక, "నా నోరు ఊరికే ఉండదు బీ," అంది.

"ఉండకపోవడమే మంచిదాయ అవ్వా."

సోమవారం రిజ్వాన్ అలవాటు కొద్దీ బస్టాండుకు పోయి ఖాళీ చేతులతో వచ్చాడు. మంగళవారం మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. బుధవారం మెహరున్నీసా హొళగుంద సంతకు పోతానని చెప్పింది. మిషన్‌తో.

ఇంట్లో ఆ రాత్రి పడుకునేలోపే గొడవ అయిపోయింది. సంతలో కూర్చున్న కోడలని అంటారని రిజ్వాన్ అన్నాడు. సంతలో కూర్చున్న మామ అని ఇన్నేళ్ళు అన్నారు, మీరు సిగ్గుపడలేదు కదా అని ఆమె అంది. ఆడా మగా ఒకటేనా అని అతను అడిగాడు. రైకలు ఏసుకునేది ఎవరు అని ఆమె అడిగింది. కరీం సాబ్ మంచం మీద అటు తిరిగి పడుకుని, నవ్వు దాచుకోవడానికి దగ్గాడు.

సంత రోజు తెల్లవారగానే మెహరున్నీసా మిషన్ తల విప్పి దుప్పట్లో చుట్టి, స్టాండుతో పాటు ఆటో పక్కన పెట్టుకుని నిలబడింది. రిజ్వాన్ టీ తాగాడు. గ్లాసు కడిగాడు. ఆటో తుడిచాడు. తుడవడానికి ఇంక ఏమీ మిగల్లేదు.

"ఎండకు గొడుగు పెట్టుకున్నావా?" అని అడిగాడు.

సంతలో బట్టల వరసకు చివర ఒకే కుట్టు మిషన్ ఉంది. గిడ్డయ్య అనే అతను బ్యాగులకు జిప్పులు వేస్తాడు. మెహరున్నీసా అతని పక్కన మిషన్ దింపుకుంటుంటే చూసి చూసి అన్నాడు.

"ఏమ్మా, ఈడ ఆడోళ్ళు కుట్టరు."

"ఏసుకుంటారా?"

"ఏసుకుంటారు."

"ఇంక కుడితే ఏమవుతుందన్నా?"

గిడ్డయ్య ఆలోచించి, తన టార్పాలిన్ పట్ట ఒక మూర అటు లాక్కున్నాడు.

తాడు కట్టి మూడు రవికలు తగిలించింది. చాప మీద గుడ్డల తాన్లు పెట్టింది. మొదటి గంట ఎవరూ కూర్చోలేదు. ఇద్దరు కుర్రవాళ్ళు రవికల ముందు నిలబడి ఫోన్‌లో ఫోటో దిగారు. మిరపకాయలు అమ్ముకుని పోతున్న ముగ్గురు ఆడవాళ్ళు ఆగి, కన్నడంలో ఏదో అనుకుని నవ్వారు. "కుప్పస," అంది వాళ్ళలో ఒకామె రవికను చూపించి, తర్వాత తెలుగులోకి మారింది. "మా అజ్జి ఏసుకునేది. సచ్చిపోయినప్పుడు కూడా అదే ఏసి పంపించినాము. ఇప్పుడు ఎవురు ఏసుకుంటారమ్మా దీన్ని?"

"నేను ఏసుకున్నా," అని మెహరున్నీసా కొంగు తీసి చూపించింది. "చెయ్యి పెట్టి చూడు. నచ్చకపోతే గుడ్డ నాదే, నష్టం నాదే."

ఆమె చెయ్యి పెట్టలేదు. పోయింది. కాసేపటికి టీ తాగి ఒంటరిగా వచ్చి, ముందుగా చేతిని చీరకు తుడుచుకుని, గుడ్డ మీద పెట్టింది. మెహరున్నీసా వేలి చివర సుద్దతో గీసింది.

అరగంటలో అయింది. ఆమె గిడ్డయ్య కట్టుకున్న పట్ట చాటున తొడుక్కుని వచ్చి, వంగి, ఖాళీ గంప నెత్తి మీద పెట్టుకుని దించి, మళ్ళీ పెట్టుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు అదంతా చూశారు. ఆ తర్వాత ఎవరినీ పిలవాల్సిన పని పడలేదు. ఎవరైనా చెయ్యి పెట్టేటప్పుడు పక్కవాళ్ళు ఆ చెయ్యి గురించి ఏదో ఒకటి అనేవాళ్ళు. ఒకామెది చేటంత ఉందన్నారు. ఒకామెది రొట్టెలు తట్టి తట్టి పలచబడిందన్నారు. మధ్యాహ్నానికి నాలుగు రవికలు అయ్యాయి. చాప మీద ఆరుమంది కూర్చుని ఉన్నారు. ఎండ తగిలి జరుగుతున్నారు గాని లేవడం లేదు. గిడ్డయ్య తన జిప్పులు ఆపి అందరికీ వంతులు చెబుతున్నాడు.

అయిదో ఆమె చెయ్యి పెట్టినప్పుడు ఫోన్ మోగింది. అనిల్. మెహరున్నీసా ఫోన్ చెవికి, భుజానికి మధ్య ఇరికించుకుంది.

"అక్కా, నిన్న ఇద్దరు రైకలు వాపసు తెచ్చినారు. టీచరమ్మ చెప్పిందంట, ముడి ఊడేది అడగమని." కొంచెం ఆగాడు. "సరే. నిజం ముడే పెడదాము. నువ్వు గెలిచినావు అనుకో. సైజులు మాత్రం మూడు. సోమవారం సంచి పంపిస్తాండా."

"సైజులతో కాదన్నా. ముడి ఒకటే ఊడితే చాలదు. ఏసుకునేటోళ్ళ చెయ్యి కావల్ల."

"అరవైమంది చేతులు నేను యాడ తెచ్చేది?"

"నీ షాపుకు వచ్చేటోళ్ళకు చేతులు ఉంటాయి కదన్నా. మిషన్ ఆడ పెట్టు. కుట్టేటోళ్ళని కూసోబెట్టు. ఎట్ల గీసేది నేనే వచ్చి చూపిస్తా."

"అరగంట ఆగమంటే ఎవురు ఆగుతారక్కా ఈ కాలంలో?"

మెహరున్నీసా చాప వైపు చూసింది. "ఈడ ఆగుతాండారు."

"యాడ? యాడ ఉండావు నువ్వు?"

"హొళగుంద సంతలో. పని మీద ఉండా. నువ్వు బాగా ఆలోచించుకోని ఫోన్ చెయ్యి. సంచి మాత్రం పంపొద్దు, నేను తీసుకోను."

అతను ఇంకా ఏదో అంటున్నాడు. గుడ్డ మీద చెయ్యి పెట్టిన ఆమె వేళ్ళు చాపి చాపి విసిగిపోయి తల ఎత్తింది.

"మాట్లాడేది అయ్యిందా బీ? నేను ఎంతసేపు ఈ గుడ్డ మింద సెయ్యి పెట్టుకోని కూసోవల్ల?"